డబ్బా ఎలా దొరికిందో అలాగే పెట్టి రండి: జియోక్యాషింగ్‌లో పద్ధతి, తృప్తి

జియోక్యాషింగ్‌లో ఒకరు చిన్న డబ్బాలో ఓ కాగితం పెట్టి బయట ఎక్కడో దాస్తారు, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఈ ఆట వెబ్‌సైట్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెళ్లి వెతుకుతారు, దొరికితే కాగితం మీద పేరు రాసి డబ్బాను మళ్లీ అదే చోట పెట్టేసి వస్తారు. ఆటంతా ఇంతే. అంపైర్ ఉండడు, డబ్బాకు కాపలా ఉండదు. ముందు వచ్చినవాళ్లు దాన్ని ఎలా వదిలివెళ్తే మీకు అలా దొరుకుతుంది, మీరు ఎలా వదిలితే మీ వెనక వచ్చేవాళ్లకు అలా దొరుకుతుంది. పద్ధతి తప్పితే ఇక ఆటే మిగలదు. ఈ ఆటలో తృప్తి కూడా ఆ పద్ధతిని పట్టుకునే వస్తుందని మా గట్టి నమ్మకం. ఎన్ని దొరికాయన్న అంకె ఆ తృప్తిని ఇవ్వలేదు.

2000 మే 2న అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలుపుతున్న తప్పును ఆపేసింది. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక ప్లాస్టిక్ బకెట్‌ను సగం పాతిపెట్టి, ఆ చోటు వివరాలు నెట్‌లో పెట్టి, వెతుక్కోమన్నారు. లోపల కొన్ని వస్తువులతో పాటు ఒక బీన్స్ డబ్బా కూడా ఉంది. ఇవాళ అదే బకెట్‌ను సైట్‌కు పంపిస్తే, కొత్త డబ్బాలను పరిశీలించి ఒప్పుకునే రివ్యూయర్ తిప్పి కొడతారు. నేల తవ్వి పాతకూడదు, తినే వస్తువు పెట్టకూడదు. పాతిన డబ్బా ఒకటి ఉందని తెలిస్తే వెతికేవాళ్లు పార్కంతా తవ్వుతారు. తిండి వాసన తగిలితే ఎలుకలు ప్లాస్టిక్‌ను కొరికేస్తాయి, అమెరికా అడవుల్లో అయితే ఎలుగుబంట్లే వస్తాయి. నియమాలు చాలావరకు ఇలా అనుభవం మీద ఏర్పడ్డవే. కారణం తెలిస్తే పాటించడం తేలిక కాబట్టి, కింద ఎక్కడ వీలైతే అక్కడ కారణం కూడా చెబుతున్నాం.

బయల్దేరే ముందు

డబ్బా పేజీలో మొదట సైజు చూడండి. నానో వేలికొనంత ఉంటుంది, లోపల సన్నటి కాగితం పట్టీ తప్ప ఇంకేదీ పట్టదు. మైక్రో 100 మిల్లీలీటర్ల లోపు, స్మాల్ లీటరు లోపు, రెగ్యులర్ 20 లీటర్ల లోపు. పిల్లలతో వెళ్తుంటే స్మాల్ గానీ రెగ్యులర్ గానీ ఎంచుకోండి. గంట నడిపించి చివర్లో ఒక కాగితం ముక్క చూపిస్తే వాళ్లు రెండోసారి రారు.

తర్వాత రెండు అంకెలు కనిపిస్తాయి, ఒక్కోటి 1 నుంచి 5 దాకా, అర అర చొప్పున పెరుగుతుంది. మొదటిది డబ్బాను కనిపెట్టడానికి ఎంత బుర్ర పెట్టాలో చెబుతుంది, రెండోది, అంటే నేల అంకె, అక్కడికి చేరడం ఎంత కష్టమో. నేల అంకె 1 అంటే చక్రాల కుర్చీలోనూ వెళ్లొచ్చు. 5 అంటే పడవో, తాళ్లో, మరో ప్రత్యేకమైన సామగ్రో కావాలి. కొత్తవాళ్లు రెండూ 2 లోపు ఉన్నవాటితో మొదలుపెట్టాలి. వెళ్లొచ్చినవాళ్లు పేజీలో రాసే లాగ్‌లు, చివరి ఐదారు కూడా చదవండి. వరసగా మూడు నాలుగు 'దొరకలేదు'లు ఉంటే డబ్బా పోయి ఉండవచ్చు, తొలి ప్రయత్నానికి అది పనికిరాదు.

అక్షాంశ రేఖాంశాలు ఈ ఆటలో డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతుల్లో రాస్తారు, ఉదాహరణకు 17° 25.500. దీన్ని మ్యాప్ యాప్‌లో 17.25500 అని కొడితే దాదాపు 19 కిలోమీటర్లు దక్షిణానికి వెళ్లిపోతారు, ఎందుకంటే 25.5 నిమిషాలంటే 0.425 డిగ్రీలు, కొట్టాల్సింది 17.425. కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో ఇది మొదటి వరసలో ఉంటుంది. జియోక్యాషింగ్ యాప్, ఆండ్రాయిడ్‌లో దొరికే సీజియో యాప్ ఈ లెక్క వాటంతటవే చేసుకుంటాయి. చేత్తో కొట్టాల్సి వస్తేనే జాగ్రత్త.

సంచిలో ఇవి ఉంటే చాలు: రెండు బాల్‌పెన్నులు, ఒక పెన్సిల్, ఒక సన్నటి పట్టకారు, చిన్న టార్చి, తోట పని గ్లవ్స్, జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు నాలుగైదు, ఖాళీ లాగ్ పట్టీలు కొన్ని, పాత నూలు గుడ్డ, చెత్త వేసుకోవడానికి ఒక కవరు. జెల్ పెన్ను వద్దు, కాగితం కొంచెం చెమ్మగా ఉన్నా సిరా అలుక్కుపోయి మీ పేరుతో పాటు పక్కవాళ్ల పేర్లు కూడా పోతాయి. గట్టి చలిలో బాల్‌పెన్ను రాయదు, పెన్సిల్ రాస్తుంది. పట్టకారు లేకుండా నానో జోలికి వెళ్లకండి. గోళ్లతో లాగితే పట్టీ చిరుగుతుంది.

చివరి పది మీటర్లు

బయలు ప్రదేశంలో ఫోన్ జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. దట్టమైన చెట్ల కింద, ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి తేడా పది, పదిహేను మీటర్లకు పోతుంది. దాచినవాళ్ల ఫోన్‌కూ అంతే తేడా ఉంటుంది. రెండూ కలిస్తే బాణం గుర్తు చూపిన చోటే నేలంతా గాలించడం వృథా శ్రమ. పది మీటర్లలోకి రాగానే ఫోన్ జేబులో పెట్టేసి కళ్లతో చూడటం మొదలుపెట్టండి. ఇక్కడ ఎవరైనా దాచాలంటే ఎక్కడ దాస్తారు? చెట్టు మొదట్లో పుల్లలన్నీ ఒకే వైపు పేర్చినట్టున్నాయా? రాళ్లు దొంతరగా, ప్రకృతి పెట్టనట్టు ఉన్నాయా? ఇనుప బల్ల అడుగున అయస్కాంతంతో ఏదైనా అంటుకుని ఉందా? అమెరికాలో దుకాణాల పార్కింగ్ స్థలాల్లో దీపస్తంభం మొదట ఉండే లోహపు తొడుగును చేత్తో పైకెత్తితే చాలాసార్లు డబ్బా అక్కడే ఉంటుంది.

వెతికేటప్పుడు చేయి పెట్టడం కంటే ముందు చూపు పెట్టాలి. బొరియలో, రాతి సందులో, ఆ దీపస్తంభం తొడుగు కింద టార్చి వేసి, పుల్లతో కదిపి చూశాకే చేయి పెట్టండి. మన దగ్గర తేళ్లు, పాములు ఉంటాయి, అమెరికాలో కందిరీగలు, బ్లాక్ విడో సాలీళ్లు. అక్కడ మూడేసి ఆకులుగా కనిపించే పాయిజన్ ఐవీ తగిలితే చర్మం రోజుల తరబడి దురద పెడుతుంది కాబట్టి ఫుల్ ప్యాంటు వేసుకోండి, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర పేలు లాంటి టిక్‌లు పట్టుకున్నాయేమో చూసుకోండి.

ఏమీ విరగ్గొట్టకూడదు, ఏమీ ఊడదీయకూడదు. కొమ్మ విరిస్తేనో, కట్టిన గోడలో రాయి లాగితేనో, కరెంటు పెట్టె మరలు విప్పితేనో దొరికేలా ఉందనిపిస్తే, మీరు వెతుకుతున్న చోటు తప్పు. ఎత్తిన ప్రతి రాయినీ దాని పాత గుంటలోనే, అదే వైపు కిందికి ఉండేలా దించండి. రాయి అడుగున పురుగులూ జెర్రులూ కాపురం ఉంటాయి, తిరగేసి వదిలేస్తే ఎండకు చస్తాయి. పదిమంది వెతికాక కూడా ఆ చోటు ఎవరూ రానట్టే ఉండాలి. డబ్బా చుట్టూ కాలిబాట పడిపోయిందంటే తర్వాత ఆ పార్కు అధికారి దాన్ని తీసేయమంటారు, అలా అనుమతులు పోయిన చోట్లు చాలా ఉన్నాయి.

నలుగురి కళ్లముందు

ఆట సంగతి తెలియని దారినపోయేవాళ్లను ఈ ఆటగాళ్లు మగుల్స్ అంటారు. డబ్బా వాళ్ల కంట పడితే ఆసక్తితోనో, చెత్త అనుకునో తీసేస్తారు. అందుకని మనుషులు దాటే వరకు ఆగండి. కానీ దాక్కోకండి. పొదల చాటున వంగి, అటూ ఇటూ చూస్తూ తచ్చాడే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానమే. బల్ల మీద కూర్చుని నీళ్లు తాగుతూ, ఫోన్ చూసుకుంటూ ఉంటే ఎవరూ పట్టించుకోరు. పిల్లలు ఆడుకునే చోట పక్కన డబ్బా ఉంటే, మీతో పిల్లలు లేనప్పుడు అక్కడ వెతకొద్దు, పొద్దున్నే ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లండి. ఎవరైనా, ముఖ్యంగా పోలీసులు, ఏం చేస్తున్నారని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పి యాప్ చూపించండి. కుక్కపిల్ల తప్పిపోయిందనో, ఉంగరం పడిపోయిందనో కథలు చెబితే పక్కన నిలబడి వాళ్లూ వెతుకుతారు, ఆ అబద్ధం బయటపడ్డాక ఏం చెప్పినా నమ్మరు.

మన ఊళ్లలో ఇంకొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. బస్టాండులో, రైల్వే స్టేషన్లో అనుమానాస్పద వస్తువులు ముట్టుకోవద్దని మైకులో చెబుతూనే ఉంటారు. అలాంటి చోట్ల, కంటోన్మెంట్ గోడల పక్కన, విమానాశ్రయం దగ్గర, ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ పొదలు వెతకడం ఎంత అమాయకంగా చేసినా చిక్కే. డబ్బా అక్కడ ఉన్నట్టు సైట్‌లో కనిపించినా వదిలేయండి.

డబ్బా తెరిచాక

ఇక్కడే ఎక్కువ డబ్బాలు పాడవుతాయి, అదీ తెలియక చేసే పనుల వల్లే. తెరవకముందు అది ఎలా ఉందో ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి: ఏ వైపు మూత ఉంది, పైన ఏం కప్పి ఉంది, ఎంత లోతుగా ఉంది. అది తిరిగి పెట్టడానికి మీ సొంత గుర్తు, ఎక్కడా పోస్ట్ చేయడానికి కాదు. తర్వాత నాలుగడుగులు పక్కకు జరిగి తెరవండి, మీరు రాసుకుంటూ ఉండగా ఎవరైనా వచ్చినా దాచిన చోటు బయటపడదు. వాన పడుతుంటే గొడుగు కింద గానీ కారులో గానీ తెరవాలి. మూత తీసి ఉన్న అర నిమిషంలో లోపల పడిన పది చుక్కలు మూత బిగించాక బయటికి పోలేవు, నెలల తరబడి కాగితాన్ని నానబెడుతూనే ఉంటాయి.

కాగితం మీద సైట్‌లో మీరు పెట్టుకున్న పేరు, తేదీ చాలు. చిన్న అక్షరాల్లో, ముందున్న పేరు కిందే, ఖాళీ వదలకుండా రాయండి. మైక్రోలో ఉండే పట్టీ మీద నలుగురు కలిసి వెళ్తే నాలుగు పేర్లు కాకుండా ఒక జట్టు పేరు రాస్తే సరిపోతుంది, ఎవరెవరు వచ్చారో ఆన్‌లైన్‌లో చెప్పండి. నానో పట్టీని చుట్టేటప్పుడు, నిండిపోయిన కొసను లోపలికి, ఖాళీ కొసను బయటికి ఉంచి పట్టకారు మొన చుట్టూ బిగుతుగా చుట్టండి. ముందు మూతలో దూర్చి, ఆ తర్వాత మూతను డబ్బాకు బిగించాలి. వదులుగా చుట్టిన పట్టీ మూత మర చుట్ల మధ్య నలిగి, రెండు మూడు సార్లకే ముక్కలవుతుంది.

మూసేటప్పుడు కింది నాలుగూ చూడండి. జిప్ కవర్‌లో గాలి పూర్తిగా పిండేసి మూయాలి, ఉబ్బిన కవరు మూతకు అడ్డం పడుతుంది. కవరు మూల మూతలో చిక్కుకోకూడదు. వెంట్రుక మందం సందున్నా నీరు ఆ దారినే లోపలికి పీల్చుకుంటుంది, రబ్బరు అంచున్న గట్టి లోహపు పెట్టెలు కూడా చాలాసార్లు నీళ్లతో నిండేది ఇందుకే. మర మీద, రబ్బరు అంచు మీద ఇసుక ఉంటే గుడ్డతో తుడవండి. క్లిప్పులున్న పెట్టె అయితే నాలుగు వైపులా టక్కుమనే దాకా నొక్కండి, మూడు నొక్కి నాలుగోది మర్చిపోవడం సర్వసాధారణం. లోపల తడి ఉంటే గుడ్డతో ఒత్తి తుడిచి, మీ దగ్గరున్న పొడి కవరు ఒకటి వేసి పెట్టండి. చిన్న సిలికా జెల్ పొట్లం పెడితే ఏమైనా లాభమా అని చాలామంది అడుగుతారు. కారే డబ్బాలో అది కొన్ని రోజుల్లోనే చెమ్మతో నిండిపోయి ఉత్త బరువు అవుతుంది. ముందు కారడం ఆగాలి.

తిరిగి పెట్టేటప్పుడు 'ఇంకొంచెం బాగా దాద్దాం' అనే ఆలోచన వద్దు. రెండు మీటర్లు పక్కకు జరిపితే తర్వాతివాళ్లకు లెక్క తప్పుతుంది, ఇంకాస్త లోపలికి తోస్తే పేజీలో రాసిన కష్టం అంకె అబద్ధమవుతుంది. అలాగని బయటికి కనిపించేలా వదిలేయకూడదు. మీకు పైన పడి ఉన్నట్టు దొరికితే, పేజీలోని క్లూకు సరిపోయే చోట కప్పిపెట్టి, ఆ సంగతి లాగ్‌లో ఓనర్‌కు, అంటే డబ్బా పెట్టినవాళ్లకు, చెప్పండి.

వస్తువుల మార్పిడి

పెద్ద డబ్బాల్లో చిన్న చిన్న వస్తువులుంటాయి. ఒకటి తీసుకుంటే సమానమైనదో, మెరుగైనదో పెట్టాలి. పెట్టడానికి ఏదీ లేకపోతే తీసుకోవద్దు, సంతకం పెట్టి రావడం ఏమాత్రం తక్కువ కాదు. తిండి, మద్యం, చాకులు, అగ్గిపెట్టెలు, టపాకాయలు, మాత్రలు నిషిద్ధం, డబ్బా తెరిచేది పిల్లలు కావచ్చు. సువాసన సబ్బులు, కొవ్వొత్తులు కూడా తిండితో సమానమే, జంతువులకు తేడా తెలియదు. సబ్బు నీటి బుడగల సీసా లాంటి ద్రవాలు చలికి పగిలి అన్నింటినీ తడిపేస్తాయి.

అమెరికాలో, యూరప్‌లో ఆడే తెలుగువాళ్లకు ఒక సలహా: మన నాణేలు పట్టుకెళ్లండి. వేరే దేశపు నాణెం దొరికితే పిల్లలు పొంగిపోతారు, తడికి పాడవదు, చోటు తీసుకోదు. ఏటికొప్పాక లక్క బొంగరం చిన్నది దొరికితే ఇంకా అందం, కానీ బాగా బిగుసుకునే పెట్టెలోనే పెట్టండి. కొండపల్లి బొమ్మ మాత్రం వద్దు, తేలికపాటి పొణికి కర్ర చెమ్మకు ఆగదు, రంగు లేస్తుంది.

కొన్ని డబ్బాల్లో నంబరు చెక్కిన లోహపు బిళ్లో, నాణెమో ఉంటుంది. అది ఒకరి సొత్తు, డబ్బా నుంచి డబ్బాకు ప్రయాణం చేయడానికి బయల్దేరింది. దాన్ని దాచుకోకూడదు. తీసుకుంటే సైట్‌లో ఆ సంగతి నమోదు చేసి, రెండు వారాల్లోపు ఇంకో డబ్బాలో వదలండి. దాని ఓనర్ ఒక లక్ష్యం రాసి ఉంటారు, దక్షిణానికి వెళ్లాలనో, సముద్రం చూడాలనో. అటు వెళ్లే పని మీకు లేకపోతే అక్కడే వదిలేసి 'చూశాను' అని నమోదు చేయొచ్చు. దాని మీది కోడ్ కనిపించేలా ఫొటో పెట్టొద్దు, ఆ కోడ్ తెలిస్తే చూడనివాళ్లు కూడా చూసినట్టు రాసేస్తారు.

దొరికింది, దొరకలేదు

ఆన్‌లైన్ లాగ్ ఈ ఆటలో మీరు తిరిగి చెల్లించే ఒకే ఒక్క మూల్యం. డబ్బా కొని, చోటు వెతికి, అనుమతి తెచ్చి, వానాకాలం తర్వాత వెళ్లి కాగితం మార్చే మనిషికి రూపాయి రాదు. వచ్చేదల్లా మీరు రాసే నాలుగు మాటలే. ఇరవై డబ్బాలకు ఒకే వాక్యం అతికించడం వల్ల ఆయనకేమీ తెలియదు. డబ్బా పొడిగా ఉందా, పట్టీలో చోటు ఇంకెంత ఉంది, మూత బాగా పడుతోందా, దారిలో ఏం బాగుంది, ఎంతసేపు పట్టింది? ఇందులో ఏ రెండు రాసినా అది మంచి లాగ్. తెలుగులో రాయాలనిపిస్తే రాయండి, ఎవరూ కాదనరు. ఓనర్‌కు తెలుగు రాదనుకుంటే కింద ఇంగ్లిష్‌లో ఒక వాక్యం కలపండి, డబ్బా స్థితి ఆయనకు తెలియాలి కదా. దాచిన చోటు చెప్పేసే మాటలు, వెనక చెట్టు కనిపించే ఫొటోలు మాత్రం వద్దు.

నిజాయతీగా వెతికి దొరకకపోతే 'దొరకలేదు' అని నమోదు చేయండి. ఇది సిగ్గుపడాల్సిన సంగతి అనుకుని చాలామంది దాటేస్తారు, దానివల్ల జరిగే నష్టం వాళ్లకు తెలియదు. ఐదుగురు వెతికి ఐదుగురూ మౌనంగా ఉంటే ఓనర్ దృష్టిలో డబ్బా భద్రంగా ఉన్నట్టే, ఆరోవాళ్లు యాభై కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వస్తారు. ఎంతసేపు, ఎక్కడెక్కడ చూశారో రాస్తే ఓనర్ ఇంటి నుంచే అంచనా వేయగలరు. దారిలోనే వాన వచ్చి వెనక్కు తిరిగితే అది 'దొరకలేదు' కిందకు రాదు, అలాంటిదానికి మామూలు నోట్ పెట్టండి.

కాగితం మీద పేరు లేకుండా 'దొరికింది' రాయకూడదు. చెట్టు మీద డబ్బా కనిపించింది, ఎక్కలేకపోయారు. ఆ డబ్బాలో కష్టమంతా ఆ ఎక్కడంలోనే ఉంది కాబట్టి అది ఇంకా దొరకలేదు. స్నేహితుడు వెళ్లి మీ పేరు కూడా రాసి వచ్చినా అంతే. పట్టీ నానిపోయి పెన్ను రాయకపోతే మీ దగ్గరున్న పట్టీ ఒకటి రాసి లోపల పెట్టి, ఫొటో తీసి ఓనర్‌కు చెప్పండి. సాధారణంగా ఒప్పుకుంటారు.

అన్నింటికంటే పెద్ద తప్పు ఒకటుంది: డబ్బా దొరకలేదని, ఓనర్‌కు సాయం చేస్తున్నామనుకుంటూ అక్కడ కొత్త డబ్బా పడేసి 'దొరికింది' అని రాయడం. పాతది చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఇక రెండు డబ్బాలు, రెండు కాగితాలు, ఎవరు దేన్ని చూశారో తెలియని గందరగోళం. ఓనర్ అడిగితే, అదీ పాతది నిజంగా పోయిందని తేలాకే పెట్టండి.

పాడైన డబ్బా చూస్తే 'ఓనర్ దృష్టికి' అనే నమోదు వాడండి: మూత పగిలింది, పట్టీ నిండింది, నీళ్లున్నాయి అని స్పష్టంగా. ఓనర్ పేజీని తాత్కాలికంగా ఆపేసి సరిచేయడానికి మామూలుగా నాలుగు వారాల వరకు గడువుంటుంది. నెలలు గడిచినా కదలిక లేకపోతేనో, స్థలం యజమాని అభ్యంతరం చెబితేనో 'రివ్యూయర్ దృష్టికి' పంపొచ్చు. ఇది చాడీ చెప్పడం కాదు. పాడుబడిన డబ్బా ఉన్నంతకాలం చుట్టూ 161 మీటర్ల లోపు ఇంకెవరూ మంచిది పెట్టడానికి వీల్లేదు.

మీ తృప్తి ఎందులో ఉందో చూసుకోండి

కొందరికి సంఖ్య ముఖ్యం. అమెరికాలో నెవాడా ఎడారిలోని ఈటీ హైవే లాంటి దారుల్లో 161 మీటర్లకొకటి చొప్పున వందల కొద్దీ డబ్బాలు వరసగా ఉంటాయి, రోజంతా కారు దిగి ఎక్కుతూ పోవచ్చు. అదీ ఒక సరదానే. కానీ వేగం కోసం ఒక చోటి డబ్బాను తర్వాతి చోట పెట్టి, అక్కడిది ఇంకో చోట పెట్టే అలవాటు అలాంటి దారుల్లో పుట్టింది. ఓనర్ స్పష్టంగా ఒప్పుకోని చోట అది చేయకండి. చేత్తో చేసిన పెట్టె ఎవరికో అందాల్సిన చోటు నుంచి మాయమవుతుంది. కొత్త డబ్బాను మొదట కనిపెట్టినవాళ్లమని చెప్పుకోవడం కూడా ఆటగాళ్లు పెట్టుకున్న ముచ్చటే, సైట్ దానికి ప్రత్యేకమైన లెక్క ఉంచదు. దానికోసం అర్ధరాత్రి మూసేసిన పార్కు గేటు దూకితే ఆ పార్కులో డబ్బాలన్నింటికీ ముప్పు.

తృప్తి తగ్గిపోతోందని అనిపిస్తే అంకె చూడటం మానేసి వేరే కొలమానం పెట్టుకోండి. కష్టం, నేల అంకెలు తొమ్మిది తొమ్మిది చొప్పున కలిపితే 81 జతలు వస్తాయి, అన్ని జతల్లోనూ ఒక్కోటి కనిపెట్టడం ఏళ్ల తరబడి ఆసక్తి నిలుపుతుంది. డబ్బు కట్టి చేరే ప్రీమియం సభ్యులకు కనిపెట్టిన ప్రతి పది డబ్బాలకూ ఒక ఫేవరిట్ పాయింట్ చేతికొస్తుంది. ఆ పాయింట్లు ఎక్కువున్న డబ్బాలను వరసలో పెట్టుకుని నెలకొకటి వెళ్లినా, పార్కింగ్ స్థలాల్లో వందకంటే ఎక్కువ గుర్తుంటాయి. మీ పాయింట్‌ను కూడా ఆలోచించి ఇవ్వండి.

డబ్బా అసలు లేని రకం ఒకటుంది, ఎర్త్‌క్యాష్. అక్కడి నేల, రాయి, పొరలు చూసి కొన్ని ప్రశ్నలకు జవాబులు ఓనర్‌కు పంపాలి. మొదటిది 2004లో వచ్చింది, అమెరికా భూవిజ్ఞాన సంఘం చొరవతో. వస్తువులు దాచనివ్వని అమెరికా జాతీయ పార్కుల్లో ఈ రకమే ఎక్కువగా కనిపిస్తుంది. మన దగ్గర భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు, బెలుం గుహలు, బొర్రా గుహల లాంటి చోట్లకు ఇంతకంటే తగిన రూపం లేదు, ఎందుకంటే అక్కడ ఏ పెట్టె దాచినా ఆ మట్టికో, ఆ రాయికో దెబ్బే. నేల గురించి తెలుసుకునే ఇష్టం ఉన్నవాళ్లు ఇటువైపు వస్తే చాలాకాలం నిలబడతారు.

2002 నుంచి చెత్త ఏరే సంప్రదాయం కూడా ఈ ఆటలో భాగమైంది. డబ్బాకు వెళ్లే దారిలో సీసాలు, కవర్లు ఏరుకుంటూ రండి. ఏ డబ్బా దొరకని రోజున కూడా సంచి నిండుతుంది, ఖాళీ చేతుల్తో తిరిగొచ్చామనిపించదు.

సొంత డబ్బా పెట్టాలనుకుంటే

కనీసం ఇరవై రకరకాలవి కనిపెట్టాక ఆలోచించండి. అప్పటికి ఏ డబ్బా నీళ్లు పట్టిందో, ఏది పట్టలేదో మీకే తెలిసిపోతుంది. కూల్‌డ్రింక్ సీసా ఊదకముందు ఉండే దళసరి ప్లాస్టిక్ గొట్టం, మర మూతతో సహా, చవకలో దొరికే మంచి మైక్రో. పెద్దదానికి నాలుగు వైపులా క్లిప్పులు, లోపల రబ్బరు అంచు ఉన్న పెట్టె. పాత ఫిల్మ్ డబ్బాలు మూత వదులై కారతాయి. మే నెల ఎండకు వేడి జిగురు మెత్తబడి అయస్కాంతం ఊడిపోతుంది, కాబట్టి రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి. సన్నటి ప్లాస్టిక్ రెండు వేసవులకు పెళుసవుతుంది. సందు దొరికితే చెదలు కాగితాన్ని వదలవు.

మన ఊళ్లలో స్టీలు టిఫిన్ డబ్బా, సైన్యం వాడే లోహపు పెట్టె అసలు వద్దు. ఒకటి బాంబేమోనన్న భయం పుట్టిస్తుంది, పైగా లోహం పాత సామాన్లవాళ్ల కంట పడితే ఉండదు. లోపలున్నది బయటికే కనిపించే తెల్ల ప్లాస్టిక్ పెట్టె తీసుకుని, బయట ఆట పేరు, సైట్ కోడ్ అంటించండి. లోపల ఇదేమిటో చెప్పే చీటీ తెలుగులో, ఇంగ్లిష్‌లో, హైదరాబాద్‌లో అయితే హిందీలోనూ పెట్టండి. చెత్త ఏరే పిల్లవాడికి దొరికినా చదివి తిరిగి పెట్టే అవకాశం ఉంటుంది.

చోటు విషయంలో ఒకటి గట్టిగా చెబుతున్నాం. రావిచెట్టు కింద నాగ ప్రతిష్ఠ ఉన్న రాళ్ల మధ్య, గుడి ప్రహరీలో, దర్గా పక్కన, సమాధుల దగ్గర పెట్టకండి. వెతకడానికి వచ్చేవాళ్లకు ఆ రాయి విలువ తెలియదు, కదుపుతారు. పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో, అభయారణ్యాల్లో కూడా వద్దు. స్థలం ఎవరిదైనా అడిగి, ఒప్పుకున్నాకే పెట్టండి. ఒప్పుకున్నవాళ్ల పేరు, హోదా రివ్యూయర్‌కు రాస్తే పని త్వరగా అవుతుంది. దగ్గరున్న డబ్బాకు 161 మీటర్ల దూరం ఉండాలి.

కొలత ఒక్కసారితో సరిపెట్టొద్దు. నిమిషంలో వెయ్యో వంతు అక్షాంశంలో 1.85 మీటర్లు. ఫోన్‌ను డబ్బా మీద ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి చూసి, ఇంకోరోజు వేరే దిక్కు నుంచి నడిచి వచ్చి మళ్లీ చూసి, సగటు తీయండి. ఆ తర్వాత ఆ అంకెలు వేరొకరి ఫోన్‌లో కొట్టి, ఇంకేమీ చెప్పకుండా వాళ్లను నడిపించండి. ఆరేడు మీటర్లలోపు ఆగితే బాగున్నట్టే.

సెలవుకు వెళ్లిన ఊళ్లో పెట్టి వచ్చేస్తే రివ్యూయర్ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పాడైతే వారంలో వెళ్లి చూడగలిగే దూరంలోనే పెట్టాలి. మొదటి వాన పడ్డాక ఒకసారి, ఆపైన మూడు నెలలకోసారి వెళ్లి చూడటం మంచి లెక్క. ఉద్యోగం మారి ఊరు వదలాల్సి వస్తే, విదేశాల్లో ఉండే మనవాళ్లకు ఇది తరచూ ఎదురయ్యేదే, అక్కడి ఆటగాళ్లలో ఎవరికైనా సైట్ ద్వారా డబ్బాను దత్తత ఇచ్చేయండి. తీసుకునేవాళ్లు లేకపోతే పేజీని ఆర్కైవ్ చేయండి. ఆర్కైవ్ చేశాక డబ్బా ఇంటికి తెచ్చేసుకోవాలి, పేజీ మూసినంత మాత్రాన ప్లాస్టిక్ అక్కడి నుంచి పోదు. సామాన్లు సర్దే వారంలో కుదరదు కాబట్టి, ఊరు వదిలే తేదీకి నెల ముందే ఆ పని పూర్తిచేసి, తీసేసినట్టు చివరి నోట్ రాయండి.